తెలియకపోవుట వేరు, చేయలేకపోవుట వేరు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



ఇరువదియైదు సంవత్సరములపాటు ఒక పల్లెలో గ్రంథాలయమును నిలుపుకొని వచ్చుట సామాన్యమైన పని కాదు. దీపమును వెలిగించుట ఒక్క క్షణము పని. దానిని ఆరనీయకుండ కాపాడుట తరముల పని. ఆ పని చేసిన మిమ్ములనందరిని మొదట అభినందించుచున్నాను.

ఇట్టి సభలలో గ్రంథములను గురించియు, గ్రంథాలయోద్యమమును గురించియు ముచ్చటించుట పరిపాటి. నేను నేడు మీ యెదుట పెట్టదలచిన విషయము వైద్యమునకు సంబంధించినది. అయినను అది గ్రంథాలయమునకు పరాయిది కాదు. 1914వ సంవత్సరమున బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమైన నాటినుండియు ఈ యుద్యమము ఒక సత్యమును నమ్ముకొని నడచినది. అక్షరము రానివాడు తెలివి లేనివాడు కాడు. అందుచేతనే చదువురాని రైతునకు పత్రిక చదివి వినిపించుట గ్రంథాలయ ధర్మముగా మన పెద్దలు ఎంచిరి. ఆ సత్యమునకు తోబుట్టువు వంటి మరియొక సత్యము కలదు. చెప్పిన పని చేయలేనివాడు, చెప్పిన మాట తెలియనివాడు కానక్కరలేదు. ఈ రెండవ సత్యమును మరచుటచేత ఎన్నో ఇండ్లలో ఎందరికో తీరని అన్యాయము జరుగుచున్నది. దానిని గురించియే నా మనవి.

ఒక ఇంటి పెద్దకు పక్షవాతము వచ్చినదనుకొందము. కుడిచేయి, కుడికాలు పడిపోయినవి. ఎడమచేతిలో బలము తగ్గలేదు. కొన్ని దినములకు ఆయనను ఇంటికి తీసికొని వచ్చిరి. కోడలు దువ్వెనను ఆయన ఎడమచేతికిచ్చి, “తల దువ్వుకోండి మామయ్యగారూ” అన్నది. ఆయన దువ్వెనను తలక్రిందుగా పట్టుకొని, గాలిలో ఒకమారు ఆడించి, ఏమియు చేయజాలక దానివంక చూచుచు కూర్చుండెను. “నాలుక చాపండి” అని వైద్యుడు అడుగగా నోరు తెరచెను గాని నాలుక వెలికి రాలేదు. చూచినవారందరు, “పాపము, ఈయనకు మనము చెప్పునది తెలియుట లేదు, బుద్ధి చెడినది” అని నిశ్చయించుకొనిరి. అది మొదలు ఆయన సమక్షముననే ఆయన పొలమును పంచుకొనుటను గురించియు, ఆయన ఇంకెన్నాళ్లు బ్రతుకుననుటను గురించియు మాటలాడుకొనసాగిరి. ఆయన అన్నియు వినుచునే యుండెను.

అదేదినము సాయంకాలము భోజనము చేయునప్పుడు పెదవికొక మెతుకు అంటుకొనగా నాలుక తనంతట తాను వెలికివచ్చి దానిని నాకివేసెను. వాకిట చిరకాల మిత్రుడు కనబడగా ఎడమచేయి తనంతట తాను నొసటికి లేచెను. ఉదయము రాని నాలుక సాయంకాలమెట్లు వచ్చినది? అడిగినప్పుడు లేవని చేయి అడుగకుండ ఎట్లు లేచినది? ఈ ప్రశ్నకు సమాధానమే అప్రాక్సియా అను వ్యాధి లక్షణము.

ఈ మాట గ్రీకు భాషనుండి వచ్చినది. ‘ప్రాక్సిస్’ అనగా క్రియ. ముందున్న అకారము అభావమును తెలుపును. మన సంస్కృతమునందలి ‘అ’కారమువంటిదే. 1871లో స్టైన్‌తాల్ అను జర్మను భాషాశాస్త్రజ్ఞుడు ఈ పేరును వాడెను. మనము దీనిని ఈ ఉపన్యాసమునకు మాత్రము ‘చేష్టాలోపము’ అని పిలుచుకొందము. మాటను విని దాని భావమును గ్రహింపలేకపోవుటను ‘గ్రహణలోపము’ అందము. ఈ రెండింటికి గల భేదమును తెలిసికొనుటయే నేటి ప్రయోజనము.

ఇల్లు కట్టించు యజమానిని, మేస్త్రిని, కూలీలను తలచుకొనుడు. యజమాని చెప్పిన మాట మేస్త్రికి బోధపడకపోయినచో పని చెడును, అది గ్రహణలోపమువంటిది. మాట బోధపడినను కూలీలకు శక్తి లేకపోయినచో పని సాగదు, అది పక్షవాతమువంటిది. మాట బోధపడినది, కూలీలు బలిష్ఠులే, కాని ఎవరు ముందు, ఎవరు వెనుక, ఎవరే రాయి ఎక్కడ పెట్టవలెనను ఏర్పాటు మేస్త్రి చేయలేకపోయినచో, అప్పుడును గోడ లేవదు. అది చేష్టాలోపము. మూడు సందర్భములలోను గోడ లేవకపోవుట సమానమే. ఫలమును మాత్రమే చూచి కారణమును నిర్ణయించువాడు మూటిలో రెండుమారులు పొరబడును.

ఈ భేదమును వైద్యులు కూడ సులభముగా తెలిసికొనలేదు. 1861లో పారిసు నగరమున పాల్ బ్రోకా అను వైద్యుడు లెబోర్న్ అను రోగిని పరీక్షించెను. ఆ రోగి యేమి అడిగినను ‘టాన్’ అను శబ్దమును మాత్రమే పలుకగలిగెడివాడు. కాని తనతో అన్న మాటలను దాదాపు అన్నిటిని గ్రహించుచుండెను. అతడు మరణించిన పిమ్మట చూడగా మెదడు ఎడమ భాగమున ముందువైపున దెబ్బ కనబడెను. 1874లో కార్ల్ వెర్నికె అను యువ వైద్యుడు దీనికి విపరీతమైన స్థితిని వర్ణించెను. ఆ రోగులు మాటలను ధారాళముగా పలుకుదురు. కాని ఎదుటివారి మాటలు వారికి బోధపడవు. వారి మెదడులో దెబ్బ ఎడమవైపుననే, కాని చెవికి సమీపమున, వెనుక భాగమున ఉండెను. పలుకుటకు, గ్రహించుటకు మెదడులో వేరువేరు స్థానములు ముఖ్యమని ఇట్లు తేలినది.

ఇక చేతుల మాట. 1900వ సంవత్సరమున హ్యూగో లీప్‌మన్ అను జర్మను వైద్యుడు ఒక రోగి చరిత్రమును ప్రకటించెను. ఆ రోగి ప్రభుత్వోద్యోగి, నలువదియెనిమిది సంవత్సరములవాడు. మాట సరిగా రాదు. వస్తువులను ముందుంచి ఫలానాది చూపుమనగా మరియొకదానిని తీయును. ముక్కు చూపుమనగా చేయి ఎటో పోవును. అతనికి భాష తెలియదనియు, బుద్ధి మందగించినదనియు అంతకుమున్ను నిర్ణయమైయుండెను. లీప్‌మన్ ఒక విషయము గమనించెను. ఆ రోగి పనులన్నింటిని కుడిచేతితోనే చేయుచుండెను. అందుచేత ఆయన ఆ కుడిచేతిని కదలకుండ పట్టి, ఎడమచేతితో చేయుమని అడిగెను. వెంటనే రోగి అడిగిన వస్తువునే తీసి చూపెను.

ఎంత చిన్న పని! ఎంత పెద్ద ఫలితము! వినిన చెవి అదే, గ్రహించిన మనస్సు అదే. మాట తెలియనివాడే అయినచో ఎడమచేతికి మాత్రము అదెట్లు తెలియును? లోపము గ్రహణమునందు లేదని, కుడిచేతి చేష్టను కూర్చుటయందే ఉన్నదని ఆ ఒక్క పరీక్షతో స్పష్టమైనది. బుద్ధిహీనుడని ముద్రపడిన మనుష్యుడు వేరొక చేతికి అవకాశము లభింపగనే బుద్ధిమంతుడని తేలెను. ఈ కథను మీరు ఇంటికి తీసికొనిపోయి జ్ఞాపకముంచుకొనిన చాలును. నా ఉపన్యాసమునందలి సారమంతయు అందే కలదు.

1905లో లీప్‌మన్ మరియొక ముఖ్యాంశము వెలువరించెను. కుడిభాగము పడిపోయినవారిలో అనేకులకు, పడిపోని ఎడమచేయి కూడ నేర్పును కోల్పోవును. ఎడమభాగము పడిపోయినవారిలో కుడిచేతికి అట్టి నష్టము సాధారణముగా కనబడదు. శరీరము కుడిభాగమును నడపునది మెదడు ఎడమభాగము కదా! కావున నేర్చిన పనులను కూర్చి నడపుటలో మెదడు ఎడమభాగము రెండుచేతులకును పెద్దగా ఉండునని ఆయన నిశ్చయించెను. భాషకు కూడ చాలమందిలో ఆ భాగమే ప్రధానము. చేష్టాలోపము, భాషాలోపము తరచుగా ఒకే మనిషియందు కనబడుటకు కారణము ఈ పొరుగుతనమే. 1965లో అమెరికా వైద్యుడు నార్మన్ గెష్విండ్, మెదడులో మాటను గ్రహించు చోటికిని, చేష్టను నడపు చోటికిని మధ్యనున్న తంతువులు తెగినను ఇట్టి స్థితి కలుగునని విశదీకరించెను. ఊరికి, చేనికి నడుమ బాట తెగినట్లన్నమాట. ఊరును బాగుగనే యున్నది, చేనును బాగుగనే యున్నది. బండి మాత్రము పోదు.

అడిగినప్పుడు రాని చేష్ట అడుగకుండ వచ్చుటకు కూడ ఇదియే కారణము. అలవాటుచేత సందర్భమును బట్టి జరుగు పనికి, కోరి సంకల్పించి చేయు పనికి మెదడులోని మార్గములు పూర్తిగా ఒకటి కావు. అందుచేత మెతుకు తగిలిన నాలుక కదలును. ‘నాలుక చాపుము’ అను ఆజ్ఞకు కదలదు. దీనిని చూచి కొందరు, “కావలెననియే చేయుట లేదు, మొండితనము” అందురు. అది మొండితనము కాదు, నటన కాదు. వ్యాధి స్వభావమే అట్టిది.

చేష్టాలోపములో తెగలు కలవు. కొందరు ‘తాళము తీయునట్లు చేసి చూపుము’ అనిన చూపలేరు. తాళముచెవి చేతికిచ్చి తలుపువద్ద నిలిపినచో కొంత మేలుగా చేయుదురు. మరికొందరికి వస్తువులు చేతిలోనున్నను పని వరుస తప్పును. తాంబూలమును తీసికొనుడు. ఆకు తుడిచి, ఈనె తీసి, సున్నము రాచి, వక్క వేసి, చుట్టి నోట పెట్టుకొనుట మనకు ఆలోచనయే అక్కరలేని పని. ఆ లోపము గలవాడు వక్కకు సున్నము రాయవచ్చును, ఉత్త ఆకును నమలి సున్నపు డబ్బీని చూచుచు ఊరకుండవచ్చును. అది ఆకు అని, అది సున్నము అని పేర్లు అడిగినచో సరిగానే చూపగలిగినవారు కూడ వీరిలో ఉందురు.

మాటకు సంబంధించిన చేష్టాలోపము వేరొకటి. దీనిని అమెరికాలోని మేయో క్లినిక్కునకు చెందిన ఫ్రెడరిక్ డార్లీ 1960 తరువాతి సంవత్సరములలో ప్రత్యేకముగా వివరించెను. మాట పలుకుటయన్నది చిన్న పని కాదు. పెదవులు, నాలుక, దవడ, అంగిలి, గొంతు, ఊపిరి, ఇవన్నియు క్షణములో సగమైన లేని కాలమున వరుస తప్పక కదలవలెను. ఈ లోపము గలవానికి చెప్పదలచిన మాట మనస్సులో సిద్ధముగానే యుండును. నోరు దారి వెదకుకొనుచుండును. ‘పలక’ అనబోయి ఒకమారు ‘కలప’ అనును, మరియొకమారు ‘పకల’ అనును. మూడవమారు సరిగా వచ్చినను రావచ్చును. తప్పు పలికినట్లు అతనికి వెంటనే తెలియును. ముఖము చిట్లించుకొని మరల ప్రయత్నించును. ‘పపప’ అనుట సులభము. ‘పతక పతక’ అనుట కష్టము. చిన్న మాటకంటె పెద్ద మాట కష్టము. ‘ఏడు’ అను అంకెను విడిగా అడిగిన రాదు. ‘ఒకటి, రెండు, మూడు’ అని మొదలిడినచో ఏడు దాటి పదివరకు పోవును. వారముల పేర్లు, నిత్యము పఠించు స్తోత్రము కూడ ఇట్లే ధారగా రావచ్చును.

నాలుక, పెదవుల బలహీనతవలన మాట ముద్దముద్దగా వచ్చుట మరియొక వ్యాధి. అందు తప్పులు ఇంచుమించు ఎల్లప్పుడు ఒకే తీరుగ నుండును; అప్పజెప్పిన మాటయైనను, అలవాటైన మాటయైనను ఒకే విధముగ చెడును. చేష్టాలోపమునందు కండరములకు బలమున్నది, కూర్పు లేదు.

ఇప్పుడు గ్రహణలోపమును చూతము. “గొడ్లకు నీళ్లు పెట్టితిరా?” అని అడిగినచో ఆ వ్యక్తి చక్కని రాగముతో, చకచక, సందర్భమునకు పొసగని పెద్ద సమాధానము చెప్పవచ్చును. అందు కొన్ని మాటలు ఏ భాషలోనివియు కావు. తాను తప్పు పలుకుచున్నట్లు అతనికి తోచదు. ఎదుటివాడే అర్థము చేసికొనుట లేదని కోపగించుకొనవచ్చును. చూచినవారు ఉన్మాదమని భ్రమింతురు. అదియును ఉన్మాదము కాదు. శబ్దము చెవిని చేరుచున్నది. భావముగా మారుట లేదు. ఆ మనిషి మన ముఖము చూచి, చేతి సైగ చూచి, సమయమును చూచి చాల సంగతులు ఊహించుకొనును. అందుచేత, “మా నాయనకు అన్నియు తెలియుచున్నవి” అని ఇంటివారు నమ్ముదురు. చూడుడు, ఎంత విపరీతమో! తెలిసినవానిని తెలియనివాడందుము, తెలియనివానిని తెలిసినవాడందుము.

అయినచో తేడాను కనిపెట్టుట ఎట్లు? నిర్ణయము చేయవలసినవారు వైద్యులు, వాక్చికిత్సా నిపుణులు. కాని ఇంటివారు గమనించి చెప్పిన సంగతులు వారికెంతయు సహాయపడును. కావున కొన్ని సూత్రములు మనవి చేయుదును.

మొదటిది: చెవి వినబడుచున్నదా, కన్ను కనబడుచున్నదా అని ముందుగా చూడవలెను. ఆసుపత్రి హడావిడిలో కండ్లజోడు ఇంటివద్దనే మరచి, బొమ్మలు చూపి గుర్తుపట్టలేదనుట న్యాయము కాదు.

రెండవది: గ్రహణమును పరీక్షించుటకు చెడిన చేష్టనే సాధనముగా వాడరాదు. చేతితో చూపలేకపోయినచో కంటితో చూపుమనవలెను. నాలుగు వస్తువులను దూరదూరముగా ఉంచి పేరు చెప్పి, చూపు ఎటు పోవునో గమనింపవలెను. ‘కండ్లు మూయండి’, ‘లేచి నిలువండి’ వంటి పనులు చేష్టాలోపమున్నవారిలో కొందరికి చెడక నిలిచియుండును. లీప్‌మన్ ఒక చేతిని ఆపి రెండవ చేతిని అడిగినట్లు, ఒక ద్వారము మూసికొనియున్నచో రెండవ ద్వారము తట్టవలెను.

మూడవది: సైగలతో తోడ్పడకుండ మాటను మాత్రమే వాడి చూడవలెను. దువ్వెన చేతికిచ్చి ‘దువ్వుకోండి’ అనునపుడు మాటకంటె దువ్వెనయే ఎక్కువ చెప్పును. అట్లుగాక అవునని కాని కాదని కాని తేలు ప్రశ్నలు వేయవలెను. ‘ఎలుక ఏనుగుకంటె పెద్దదా?’, ‘అన్నము తినకముందే చేయి కడుగుదుమా?’ అని తలక్రిందు చేసికూడ అడుగవలెను. ఒక ప్రశ్నతో తృప్తిపడరాదు. ఏమియు తెలియకున్నను పదింట అయిదు సమాధానములు అదృష్టవశమున సరిపోవచ్చును. తల ఊపుట కూడ చేష్టయే కావున, అవుననబోయి కాదని ఊపువారు కలరు. వారికి వేరొక గుర్తు ఏర్పాటు చేయవలెను.

నాలుగవది: మన భాషలో విభక్తి ప్రత్యయములు అర్థమును మోయును. ‘సింహమును పులి చంపినది, చచ్చినదేది?’ అని అడిగి, మరల ‘సింహము పులిని చంపినది, చచ్చినదేది?’ అని అడిగినచో, పదములు ఇంచుమించు అవే. వాటి వరుస కూడ అదే. ఒక్క ‘ను’, ‘ని’ స్థానము మారుటతో మృగము మారిపోవును. రెండింటికిని సరియైన బొమ్మను చూపినవాడు భాషను సూక్ష్మముగా గ్రహించుచున్నాడని చెప్పవచ్చును. విడి మాటలు తెలిసినను ఇట్టి వాక్యములయందు తడబడువానికి గ్రహణమున కొంత లోపమున్నదని ఊహింపవచ్చును.

అయిదవది: రెండు లోపములు కలిసియుండుట సర్వసాధారణము. కావున ‘ఇతనికి అంతయు తెలియును’ అని కాని, ‘ఏమియు తెలియదు’ అని కాని తొందరపడి తీర్పు చెప్పరాదు. ఎంత తెలియును, ఏ మార్గమున తెలియును అని అడుగుటయే సరియైన ప్రశ్న.

ఈ భేదము తెలిసినచో మన సహాయము మారును. గ్రహణలోపము గలవానితో చిన్న వాక్యములు, ఒక్కొక్క సంగతి, నెమ్మదిగా, ఎదుట కూర్చుండి, వస్తువును చూపుచు, సైగ కలుపుచు మాటలాడవలెను. బిగ్గరగా అరచుటవలన భావము బోధపడదు. చేష్టాలోపము మాత్రమే గలవానితో పసిబిడ్డతోవలె మాటలాడుట అవమానము. అతనికి కావలసినది సరళమైన మాట కాదు, వ్యవధి. పని అడిగి వేచియుండవలెను, చేసి చూపవలెను, అతని చేతిని మన చేతితో పట్టి నడిపింపవలెను, ఒక్కొక్క మెట్టుగా నేర్పవలెను. పని దాని సహజమైన వేళకు, సహజమైన చోట జరుగనీయవలెను. తల దువ్వుట స్నానమైన పిమ్మట అద్దము ముందరనే అడుగుట మేలు. మాట రానివానికి, అక్షరములు వ్రాసిన అట్టముక్క, బొమ్మల పుస్తకము, చేతి ఫోను తోడు కాగలవు. మాటకు మాత్రమే చేష్టాలోపమున్న అక్షరాస్యుడు నోట రానిదానిని వ్రాసి చూపగలడు. భాషాలోపము కూడ ఉన్నచో వ్రాతయును చెడియుండును. అప్పుడు బొమ్మయే ఆధారము. మాటను బాగుచేయు చికిత్స యంతయు అభ్యాసమే. నిపుణుడు చూపిన విధమున ప్రతిదినము, అనేక పర్యాయములు, నెలల తరబడి సాధన చేయవలెను.

పిల్లల విషయము వేరుగ చెప్పవలెను. పుట్టుకతోనే మాటయందు చేష్టాలోపము గల పిల్లలు కొందరుందురు. చెప్పినదంతయు వారు గ్రహింతురు. కథ చెప్పిన కన్నార్పక విందురు. ‘అమ్మమ్మగారింటనుండి చేట తెమ్ము’ అనిన పరుగున పోయి తెత్తురు. తాము చెప్పబోయినది మాత్రము ఒక్కొక్కసారి ఒక్కొక్క విధముగ వచ్చును. అచ్చులు కూడ మారిపోవును. పొడుగు మాటలు విరిగిపోవును. లండనులోని ఒక కుటుంబమున మూడు తరములలో సగముమందికి ఇట్టి కష్టముండగా, 2001లో శాస్త్రజ్ఞులు దానికి కారణమైన జన్యువును కనుగొనిరి. దానిని ‘ఫాక్స్‌పి2’ అందురు. చాలమంది పిల్లలలో మాత్రము కారణము తేలదు. తల్లి ముచ్చటింపకపోవుటవలన ఇది వచ్చునది కాదు. వస పోసినంతమాత్రమున పోవునది కాదు. నాలుకక్రింది పొరను కోయించినంతమాత్రమున కుదురునది కాదు. ‘మాటలు ఆలస్యముగా వచ్చుట మా వంశాచారమే’ అని సంవత్సరములు గడుపుట మిక్కిలి హాని. మొదట వినికిడి పరీక్ష చేయించి, పిమ్మట వాక్చికిత్సకునికి చూపవలెను. పలుకలేని పిల్లను మందబుద్ధియని బడిలో వెనుక బల్లమీద కూర్చుండబెట్టినచో, లేని మాంద్యమును మనమే కల్పించినవారమగుదుము.

ఇట్టివారికి మన దేశమున ఆశ్రయము లేకపోలేదు. 1965లో మైసూరునందు అఖిలభారత వాక్ శ్రవణ సంస్థ వెలసినది. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమునందు పిల్లలకు మాటలు ఆలస్యముగా వచ్చుటను కూడ పరీక్షింపవలసిన విషయములలో చేర్చిరి. అంగన్‌వాడిలోను బడిలోను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా కేంద్రమునకు పంపు ఏర్పాటు అందు కలదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క విధములైన వైకల్యములను పేర్కొనగా, అందు వాక్కునకు, భాషకు సంబంధించినది ఒకటి. ఆ చట్టమునందలి 13వ సెక్షను ప్రకారము వికలాంగునికి ఆస్తిని పొందుటకు, కలిగియుండుటకు, తన ధనవ్యవహారములను తానే నడపుకొనుటకు తక్కినవారితో సమానమైన హక్కు కలదు. మాట రానంతమాత్రమున, సంతకము చేయి తిరుగనంతమాత్రమున మనిషి తన పొలము విషయమున అభిప్రాయము లేనివాడు కాడు. ఆయనను అడిగి, ఆయనకు వీలైన మార్గమున జవాబు చెప్పనిచ్చి, అది పలుమారులు ఒకే విధముగ వచ్చుచున్నదా అని చూచి నడచుకొనుట ధర్మము.

మరియొక హెచ్చరిక. ముఖము ఒక ప్రక్కకు వంగుట, చేయి వ్రాలిపోవుట, మాట తడబడుట అకస్మాత్తుగా కనబడినచో అది మెదడునకు కలిగిన ఆపద. మంత్రములకు, పసరులకు కాలము గడుపరాదు. రక్తనాళమున అడ్డుపడిన గడ్డను కరిగించు మందు, లక్షణములు మొదలైన 4.5 గంటల లోపుగానే సాధారణముగ ఇయ్యదగినది. మొదలైన వేళను గుర్తుంచుకొని, వెంటనే తగిన సదుపాయములున్న ఆసుపత్రికి చేర్చవలెను. ప్రతి నిమిషమును విలువైనదే.

సోదరులారా, గ్రంథాలయము ఈ విషయమున చేయగల సేవ చిన్నది కాదు. నిన్నమొన్నటివరకు ఈ బల్లవద్ద కూర్చుండి పత్రిక చదివిన పెద్దమనిషి పక్షవాతమువలన ఇల్లు కదలలేకపోయినచో, ‘ఆయనకింక పత్రిక ఎందుకు?’ అనకుడు. ఒక యువకుడు పోయి చదివి వినిపింపవచ్చును. పెద్ద అక్షరముల అట్టలు, ఊరి బావి, గుడి, బడి, బండి, అన్నము, మందు మొదలైన బొమ్మల పుస్తకము ఒకటి మీరే తయారుచేసి అలమారులో ఉంచవచ్చును. అవసరమైన ఇంటికి అరువిచ్చిన, అదియొక మనిషికి నోరిచ్చినట్లగును. బొమ్మను చూపుటకు కూడ చేయి రానివానికి, మీరే ఒక్కొక్క బొమ్మపై వ్రేలుంచి, అతని కన్ను ఏమి చెప్పునో కనిపెట్టవచ్చును.

తెరువని పుస్తకమును చూచి అందులో ఏమియు లేదని గ్రంథాలయములో ఎవరును అనరు. అట్ట బిగిసికొనియున్నదని, పుటలు అంటుకొనియున్నవని తెలిసినచో మెల్లగా, ఓపికతో విప్పుదురు. మనుష్యుని విషయమున కూడ ఆ ఓర్పును చూపుడని మిమ్ములను ప్రార్థించుచున్నాను. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును కూడ జరుపుకొని, ఈ గ్రామమునందు చదువువానికి, విను వానికి, పలుకలేనివానికి కూడ తన యిల్లుగా వర్ధిల్లుగాక.